ట్రాన్స్‌ఫార్మర్ దానంతటది కాలదు

ఈసారి పోస్టు పెద్దది. మోటారు ఆన్ చేసి, గట్టు మీద కూర్చుని, తీరిగ్గా చదవండి. మధ్యలో లెక్కలు వస్తాయి, భయపడకండి. ఎకరానికి ఎన్ని బస్తాలు, బస్తాకు ఎంత తరుగు అని నోటితోనే లెక్కేసే మనకు ఇవి పెద్ద కష్టం కాదు.

పోయిన యాసంగిలో వరి పొట్టకొచ్చిన టైములో మా బావుల కాడి 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు యాసంగుల్లో ఇది మూడోసారి. మధ్యాహ్నం రెండు గంటలకు ధన్‌మని చప్పుడు, నూనె మాడిన వాసన, అంతే. 14 మోటార్లు ఒక్కసారే ఆగిపోయాయి.

తర్వాత కథ మీకు తెలిసిందే. మోటారుకు 600 చొప్పున చందా, మొత్తం 8,400. మా తమ్ముడి ట్రాక్టరు, పక్క ఊరి నుంచి మనుషులు, కాలిన దాన్ని దించడం, రిపేరు షెడ్డుకు మోసుకుపోవడం, అక్కడ వరుసలో కూర్చోవడం, "చాయ్ పైసలు" ఇవ్వడం, బాగైనదాన్ని మళ్లీ మనమే తెచ్చి దిమ్మె ఎక్కించడం. ఐదో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది. అప్పటికి నా చివరి మడి నెర్రెలు బారింది. కోతల్లో ఆ మడి నుంచి వచ్చిందాంట్లో సగం తాలే.

షెడ్డు దగ్గర ఒకాయన నన్ను చూసి, "మీ రైతులే కాలవెట్టుకుంటరు, మల్ల మీరే వచ్చి మా మీద పడతరు" అన్నాడు. తిరిగొస్తుంటే ట్రాలీలో కూర్చున్న మావాళ్లలో ఒకాయన, "ఏం చేస్తం అన్నా, మన కర్మ" అన్నాడు.

ఈ రెండు మాటలూ నాకు ఒప్పుదల కాలేదు. తప్పంతా రైతుదే అన్నది అబద్ధం. అంతా కర్మ అన్నది ఇంకా పెద్ద అబద్ధం. ట్రాన్స్‌ఫార్మర్ దానంతటది కాలదు. పిడుగు పడ్డప్పుడు తప్ప, కాలిన ప్రతిదాని వెనుక ఒక లెక్క తప్పి ఉంటుంది. ఆ లెక్కలో వాళ్ల వాటా ఎంతో, మన వాటా ఎంతో ఈరోజు విప్పి చెప్తాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ముందు ఆ డబ్బాలో ఏముందో తెలుసుకుందాం. తెలియనంత కాలం ఎవడు ఏం చెప్పినా తల ఊపాల్సిందే.

అందులో ఇంజను లేదు, చక్రం లేదు, తిరిగే భాగం ఒక్కటీ లేదు. మధ్యలో సన్నని స్టీలు రేకుల దొంతర ఉంటుంది. దాని చుట్టూ రెండు చుట్టలు. ఒకటి సన్న తీగతో ఎక్కువ చుట్లు, ఇది 11 వేల వోల్టుల లైనుకు. రెండోది లావు తీగతో తక్కువ చుట్లు, ఇది మన మోటార్లకు. విచిత్రం ఏంటంటే ఈ రెంటినీ కలిపే తీగ ఏదీ లేదు. పై చుట్టలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంటే ఆ ఇనుములో అయస్కాంత శక్తి కూడా అలాగే మారుతుంటుంది. ఆ మార్పే పక్క చుట్టలో కరెంటు పుట్టిస్తుంది.

దీన్ని కనిపెట్టింది మైకేల్ ఫారడే, 1831 ఆగస్టులో, లండన్‌లో. ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రెండు తీగలు చుట్టి చూశాడు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు. కమ్మరి కొడుకు. చిన్నప్పుడు పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పని నేర్చుకున్నాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, "కరెంటు సంగతి మనకేం తెలుస్తది, మనం చదువుకోలేదు" అనే మాట ఇంకోసారి అనకండి. దీన్ని కనిపెట్టినవాడే బడికి సరిగ్గా పోలేదు.

ఇప్పుడు మన డబ్బా. పై చుట్టలో 44 చుట్లు ఉంటే కింది చుట్టలో ఒక్క చుట్టు ఉంటుంది. 11,000ని 44తో భాగించండి. 250. ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజి అదే. రెండు ఫేజుల మధ్య కొలిస్తే 433. ట్రాన్స్‌ఫార్మర్ మీద రేకు ఉంటుంది చూడండి, దాని మీద 11000, 433 అని రాసి ఉండేది ఇందుకే.

వోల్టేజి తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి. మా 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండా పనిచేస్తుంటే పైన 11 వేల లైను నుంచి లాగేది 3.3 ఆంపియర్లు మాత్రమే. కింద మనకు ఇచ్చేది 84 ఆంపియర్లు. అందుకే పైనొచ్చే తీగ సన్నగా ఉన్నా సరిపోతుంది. మన వైపు తీగ సన్నగా ఉంటే, అదీ కిలోమీటరు దూరం లాగితే, దారిలోనే వోల్టేజి చచ్చిపోతుంది. చివరి బోరు రైతు "నాకు ఎప్పుడూ లో వోల్టేజే" అని ఏడ్చేది అందుకే. ఆయన మోటారులో దోషం లేకపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ఆయన బోరుకు దూరంగా ఉంది, అంతే.

ఇక అసలు మాట. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును తయారు చేయదు. మనం ఇటు నుంచి ఎంత లాగితే అటు నుంచి అంత తెచ్చిస్తుంది. "నాకు 63 వరకే చేతనైతది, ఇక చాలు" అని చెప్పదు. బండికి బరువు ఎక్కువైతే ఎద్దు మోకాళ్ల మీద కూలబడి మనకు చెప్తుంది. ఇది అలా కూడా చెప్పదు. లాగుతూనే ఉంటుంది, లోపల నూనె కాగుతూనే ఉంటుంది.

ఆ వేడి ఎలా పెరుగుతుందో చూడండి. ఆంపియర్లు రెండింతలైతే తీగలో వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లు. చుట్టల మధ్య ఉండేది కాగితం. నూనెలో నానిన కాగితం. వేడి ఉండాల్సిన హద్దు దాటి 6 డిగ్రీలు పెరిగినా ఆ కాగితం ఆయుష్షు దాదాపు సగమవుతుంది. పాతికేళ్లు బతకాల్సింది పంటకాలం కూడా బతకకపోవడానికి కారణం ఇదే. ఒకరోజు ధన్‌మంటుంది కానీ అది ఆ రోజు చావలేదు. ఆరు నెలలుగా చస్తూ ఉంది.

ఇప్పుడు మా ట్రాన్స్‌ఫార్మర్ లెక్క తీస్తాను. మీ ఊరి లెక్క కూడా ఇలాగే తీయండి.

5 హెచ్‌పీ మోటారు నిండు లోడు మీద సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే దాదాపు 6 కేవీఏ. 7.5 హెచ్‌పీ అయితే 9 కేవీఏ అనుకోండి. పాత మోటారు, రెండుసార్లు వైండింగు చేయించిన మోటారు ఇంకా ఎక్కువే లాగుతుంది. అది వదిలేద్దాం. ఈ లెక్కన 25 కేవీఏ మీద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగు, 63 మీద పది, 100 మీద పదహారు. అంతకు మించి ఒక్కటి కూడా నడవకూడదు.

మా దాని మీద డీడీ కట్టి, ఆఫీసు రికార్డుల్లో ఎక్కిన కనెక్షన్లు 12. అన్నీ 5 హెచ్‌పీ. పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. 63 కేవీఏ డబ్బా మీద 72 కేవీఏ. ఇది నేను చెప్పే లెక్క కాదు, వాళ్ల కాగితాల లెక్కే. పదకొండో డీడీ తీసుకున్న రోజే వాళ్లకు తెలియాలి, దీని మీద ఇక చోటు లేదని. డబ్బు తీసుకున్నారు, కనెక్షన్ ఇచ్చారు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పెట్టలేదు. అడిగితే "ఎస్టిమేట్ పంపినం" అన్నారు. ఆ మాట అని రెండేళ్లయింది. అలాంటప్పుడు "మీ రైతులే కాలవెట్టుకుంటరు" అనే హక్కు వాళ్లకు ఎక్కడిది?

ఇది వాళ్ల వాటా. ఇప్పుడు మన వాటా చెప్తాను, పారిపోకండి.

రికార్డుల్లో 12 మోటార్లయితే నిజంగా నడిచేవి 14. రెండు డీడీ లేకుండా తగిలించినవే. ఇంకో సంగతి, నీళ్లు లోతుకు పోయాయని ఐదుగురం 5 తీసేసి 7.5 దించాం. ఆఫీసుకు ఒక్కరమూ చెప్పలేదు. ఆ ఐదుగురిలో నేనూ ఉన్నాను. దాచడం లేదు. ఇప్పుడు అసలు లెక్క వేయండి. 5 హెచ్‌పీలు తొమ్మిది, తొమ్మిది ఆర్లు 54. 7.5 హెచ్‌పీలు ఐదు, ఐదు తొమ్మిదులు 45. మొత్తం 99 కేవీఏ. 63 మోయాల్సింది 99 మోస్తోంది. చుట్టల్లో వేడి ఉండాల్సినదానికి దాదాపు రెండున్నర రెట్లు. వాళ్లు పెంచింది 63 నుంచి 72కి. దాన్ని 72 నుంచి 99కి తీసుకుపోయింది మనమే.

ఈ మాట మా ఊర్లో చెప్తే "నువ్వు కరెంటోళ్ల మనిషివా" అన్నారు. నేను ఎవరి మనిషినీ కాదు. నా మడి ఎండింది, అందుకే మాట్లాడుతున్నా. మనం దాచినంత కాలం వాళ్లకు మంచి వంక దొరుకుతూనే ఉంటుంది. రికార్డులో 3 హెచ్‌పీ, బోరులో 7.5 ఉన్న రైతు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఏ ముఖంతో అడుగుతాడు?

మన వాటాలో ఇంకో మూడు ఉన్నాయి.

ఒకటి ఫ్యూజు. ఫ్యూజు తీగ పని ఏమిటి? అందరికంటే ముందు తాను చావడం. లోడు మితిమీరితే అది కరిగి తెగిపోయి వెనకున్న లక్షల విలువైన డబ్బాను కాపాడాలి. మనం ఏం చేస్తున్నాం? మాటిమాటికీ పోతోందని అల్యూమినియం కండక్టరు పోగులు నాలుగు మెలేసి కట్టేస్తున్నాం. ఇక అది చావదు. దాని బదులు ట్రాన్స్‌ఫార్మర్ చస్తుంది. ఫ్యూజు రోజూ పోతోందంటే లోడు ఎక్కువైందని అది మనకు చెప్తోంది. చెప్పేవాడి నోరు కట్టేస్తే రోగం నయం అవుతుందా?

రెండు ఆటో స్టార్టరు. మోటారు నేరుగా స్టార్ట్ అయ్యేటప్పుడు మొదటి క్షణాల్లో మామూలు కంటే 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. ఒక్క మోటారు అయితే పర్వాలేదు. కరెంటు పోయి రాగానే 14 ఆటో స్టార్టర్లు ఒకే క్షణంలో ఎత్తుకుంటే ఆ చుట్టలు లోపల అదిరిపోతాయి. వేడి సంగతి అటుంచి, అంత కరెంటుకు చుట్టలను పక్కకు నెట్టే బలం పుడుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది ఇందుకే. ఎందరం తీశాం? రాత్రి లేవడానికి బద్ధకం అని చెప్పండి ఒప్పుకుంటా, పాముల భయం అని చెప్పండి ఇంకా ఒప్పుకుంటా. కానీ దాని ఖరీదు అందరం చందా వేసుకుని కడుతున్నామని కూడా ఒప్పుకోండి.

మూడు కెపాసిటరు. మోటారు లాగే కరెంటులో కొంత నీళ్లు ఎత్తడానికి పనికొస్తుంది, కొంత మోటారు లోపలి అయస్కాంతానికే పోతుంది. ఈ రెండో రకం నీళ్లు ఎత్తదు కానీ తీగను మాత్రం వేడెక్కిస్తుంది. ఆ రెండో రకంలో చాలావరకు కెపాసిటరు మోటారు పక్కనే ఇచ్చేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి లాగాల్సిన పని ఉండదు. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటరు పెడితే 6 కేవీఏ లాగే మోటారు సుమారు 5కి దిగుతుంది. నీళ్లు మాత్రం అంతే పోస్తుంది. ఉచిత కరెంటు షరతుల్లో ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచే కెపాసిటరు ఉంది, ఐఎస్ఐ మోటారు ఉంది, ఘర్షణ లేని ఫుట్ వాల్వు ఉంది. మనం స్టార్టరు డబ్బా మీద తీగలు తగలని కెపాసిటరు ఒకటి బిగించి, చూడ్డానికి వచ్చినవాళ్లకు చూపిస్తాం.

మా 14 మోటార్లకూ కెపాసిటర్లు పెడితే 99 కాస్తా సుమారు 83కి వస్తుంది. గమనించండి, అప్పుడు కూడా 63 దాటే ఉంది. అంటే మనం ఎంత బుద్ధిగా ఉన్నా ఆ డబ్బా చాలదు. 100 కేవీఏ పెట్టాలి, లేదా పక్కన ఇంకో 25 పెట్టి నాలుగు మోటార్లు దాని మీదికి మార్చాలి. అది చేయాల్సింది వాళ్లు. మన పని మనం చేస్తే అప్పుడు వాళ్లకు చెప్పుకోవడానికి వంక మిగలదు. నేను చెప్పేది ఇంతే.

ఇక వాళ్లు చూసుకోవాల్సినవి, అసలు ఎవరూ చూడనివి.

నూనె. అది వేడిని బయటికి తెస్తుంది, చుట్టల మధ్య నిప్పు ఎగరకుండా అడ్డుకుంటుంది. రెండు పనులు. లీకై మట్టం తగ్గితే రెండూ పోతాయి. డబ్బా కింద దిమ్మె మీద నల్లటి జిడ్డు మరక కనబడితే అది రోగ లక్షణం. కొన్నింటికి పక్కన చిన్న గాజు గొట్టంలో గుళికలు ఉంటాయి, బ్రీదర్ అంటారు. నూనె వేడెక్కి చల్లారినప్పుడల్లా లోపలికి పోయే గాలిలో తేమను అవి పీల్చుకుంటాయి. నీలం గుళికలు గులాబీ రంగుకు మారాయంటే ఇక పీల్చలేవని అర్థం. తేమ నూనెలోకి పోతుంది. తేమ చేరిన నూనె అడ్డుకోలేదు. ఆ గుళికలు మార్చడానికి ఎంత ఖర్చు? కాలిన ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు ముందు అది లెక్కలోకే రాదు.

ఎర్తు. పిడుగు పడితే దాన్ని భూమిలోకి దించడానికి పైన అరెస్టర్లు ఉంటాయి. వాటి ఎర్తు తీగ తెగి గాలిలో ఊగుతుంటే పిడుగు ఎటు పోవాలి? చుట్టల్లోకే పోతుంది. డబ్బాకు ఎర్తు సరిగ్గా లేకపోతే లోపల ఫేజు తగిలిన రోజు డబ్బాను ముట్టినవాడు పోతాడు. వానాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గడ్డి మేస్తూ బర్రెలు చచ్చిపోయిన సంగతులు ప్రతి మండలంలో ఉన్నాయి. ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోతే ఎర్తు ఉన్నా లేనట్టే.

ఇవన్నీ చూడమంటే లైన్‌మన్ మీద పడకండి. ఒక్కో లైన్‌మన్ కింద ఎన్ని ఊర్లు, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయో ఒకసారి ఆయన్నే అడగండి. స్తంభాల మీద చచ్చిపోయేది కూడా వాళ్లే. నా గొడవ మనుషుల్ని పెట్టకుండా, సామాను ఇవ్వకుండా, కాలాక చూద్దాం అనే పద్ధతితో.

ఇక చందా సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ మనది కాదు. అది సంస్థ ఆస్తి. దాన్ని దించడం, మోయడం, బాగు చేయడం, తిరిగి పెట్టడం సంస్థ పని. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 57 ఉంది. సేవ ఎంత టైములో అందాలో నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది, ఆ ప్రకారం చేయకపోతే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి అని. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మండలి ఇచ్చిన నిబంధనల్లోనే రాశారు, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని. మాకు ఐదు రోజులు పట్టింది. అదీ మేము మోస్తే.

"ఫ్రీ కరెంటు తీసుకుంటూ హక్కులు కూడానా?" అనేవాళ్లు ఈ పోస్టు కింద కూడా వస్తారు. వాళ్లకు ముందే చెప్తున్నా. రైతు కట్టకపోతే ఎవరూ కట్టనట్టు కాదు. మన బదులు ప్రభుత్వం సబ్సిడీ రూపంలో సంస్థకు కట్టాలి, అదే చట్టంలో సెక్షన్ 65 చెప్తుంది. ప్రభుత్వం టైముకు కట్టకపోతే అది వాళ్లిద్దరి పంచాయితీ. 48 గంటల నిబంధనలో "ఉచిత కరెంటు రైతుకు తప్ప" అని రాయలేదు. ఉచితం కాబట్టి నోరు మూసుకోవాలంటే, 8,400 చందా కట్టినవాడికి అది ఉచితం ఎట్లయింది?

మరి మనమెందుకు మోస్తున్నాం? పంట ఆగదు కాబట్టి. 48 గంటలు చూద్దాం అంటే పొట్ట దశలో ఉన్న వరి వినదు. మన అవసరం వాళ్లకు తెలుసు. "ట్రాక్టరు మీరే తెచ్చుకుంటే రేపే" అంటారు. మనం తెస్తాం. ఒకసారి తెచ్చింది అలవాటవుతుంది, అలవాటైంది రూలవుతుంది. ఇప్పుడు కొత్త పిల్లలైతే అది రైతు బాధ్యతే అనుకుంటున్నారు. నేను మోయొద్దని చెప్పను, నా మడి ఎండుతుంటే నేనూ మోస్తాను. కానీ మోసే ముందు ఫిర్యాదు రాయించండి. నంబరు తీసుకోండి. మోసిన ఖర్చు కాగితం మీద పెట్టి అడగండి. రాకపోయినా అడగండి. అడిగిన కాగితం లేకపోతే ఆ ఐదు రోజులు అసలు జరగనట్టే.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

పదకొండేళ్ల కింద మా పెద్దనాన్న కొడుకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చనిపోయాడు. రాత్రి ఎనిమిది గంటలు. పైన 11 వేల వైపు ఫ్యూజు పోయింది. లైన్‌మన్ వేరే ఊర్లో ఉన్నాడు, పొద్దున వస్తానన్నాడు. నారుమడికి నీళ్లు పెట్టాలి. అన్న ఏబీ స్విచ్చు హ్యాండిలు కిందికి లాగాడు, దిమ్మె ఎక్కాడు. ఏబీ స్విచ్చుకు మూడు బ్లేడ్లు ఉంటాయి, మూడు ఫేజులకు మూడు. హ్యాండిలు లాగితే మూడూ విడిపోవాలి. తుప్పు పట్టి ఆ రోజు రెండే విడిపోయాయి. మూడోది అంటుకునే ఉంది. చీకట్లో కింది నుంచి కనబడదు. అన్న స్విచ్చు ఆఫ్ చేశాననుకున్నాడు. సగమే చేశాడు.

ఆ స్విచ్చు సరిగ్గా పడట్లేదని అంతకు ముందు అందరికీ తెలుసు. "చెప్పినం, చూస్తమన్నరు" అని తర్వాత అందరూ అన్నారు. ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు. వదిన ఇప్పుడు రెండెకరాలు కౌలుకిచ్చి కూలికి పోతోంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఇప్పుడు మా 14 మోటార్లు నడుస్తున్నాయి. పోయిన యాసంగిలో దాన్ని దించుతున్నప్పుడు నేను పైకి చూశాను. ఏబీ స్విచ్చు మార్చారు. మారిన దానికి కూడా ఒక బ్లేడు వంకరగానే ఉంది.

అందుకే అంటున్నా, కర్మ అనొద్దు. తుప్పు పట్టిన బ్లేడు కర్మ కాదు.

ఇక చేయాల్సినవి. ఈ వారమే చేయండి.

ఒకటి, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద రేకును దూరం నుంచి ఫోన్‌లో జూమ్ చేసి ఫొటో తీయండి. కేవీఏ ఎంతో చూడండి. ఎక్కకండి, ముట్టకండి.

రెండు, దాని మీద ఉన్న రైతులందరూ ఒకచోట కూర్చోండి. ఎవరి బోరులో నిజంగా ఎన్ని హెచ్‌పీలో అబద్ధం లేకుండా రాయండి. 5కి 6 కేవీఏ, 7.5కి 9. కూడండి. అనుమానం ఉంటే మోటారు మెకానిక్ దగ్గర టాంగ్ టెస్టర్ ఉంటుంది, స్టార్టరు దగ్గర ఆంపియర్లు కొలిపించుకోండి.

మూడు, డీడీ లేనివాళ్లు కట్టండి, హెచ్‌పీ పెంచినవాళ్లు చెప్పి రాయించుకోండి. ఆటో స్టార్టర్లు తీయండి. కెపాసిటర్లు నిజంగా కలపండి. కరెంటు రాగానే అందరూ ఒకేసారి వేయకుండా వరుస పెట్టుకోండి.

నాలుగు, ఆ లెక్కంతా ఒక అర్జీ రాసి, అందరూ సంతకాలు పెట్టి, ఏఈ ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. లీకు, తెగిన ఎర్తు, పడని స్విచ్చు, వంగిన స్తంభం అన్నీ ఫొటోలతో జతచేయండి. నోటి మాటకు విలువ లేదు.

ఐదు, కాలిన రోజు మొదటి ఫోన్ ట్రాక్టరుకు కాదు, 1912కి. ఫిర్యాదు నంబరు, టైము రాసుకోండి. 48 గంటలు అక్కడి నుంచి లెక్క. అప్పటికీ పట్టించుకోకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం ఉంది. చట్టం ప్రకారమే పెట్టింది, దానికి లాయరు అక్కర్లేదు.

ఆరు, ఎవరూ ఎక్కొద్దు. నీకు ఎంత పని తెలిసినా ఎక్కొద్దు. మా అన్నకు కూడా పని తెలుసు.

మా ఊరి అర్జీ మొన్న సోమవారం ఇచ్చాం. పద్నాలుగు సంతకాలు ఉన్నాయి. నా పేరు పక్కన 7.5 అని నేనే రాశాను. "నీకేమైనా పిచ్చా, రాసిచ్చుకుంటవా" అని ఇంట్లో తిట్లు పడ్డాయి. రసీదు మాత్రం జేబులో ఉంది. ఏం జరిగిందో మళ్లీ ఇక్కడే రాస్తాను.

మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ, దాని మీద ఎన్ని మోటార్లు, ఈ ఏడాది ఎన్నిసార్లు కాలింది? కింద రాయండి. నిజం రాయండి.